చిన్న కంప్యూటర్ బోర్డును కరెంటు పోయినప్పుడు పరీక్షించండి

సంపాదకులకు నమస్కారం.

అభిరుచితో ఎలక్ట్రానిక్స్ చేసుకునేవారికి పనికొచ్చే చౌక కంప్యూటర్ బోర్డుల (ఒకే చిన్న పలక మీద కంప్యూటర్ మొత్తం ఇమిడి ఉండేవి) గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఇలాంటి విషయానికి తెలుగు పత్రికలో సగం పేజీ దొరకడమే అరుదు కనుక ముందుగా కృతజ్ఞతలు చెబుతున్నాను. అయితే ఆ వ్యాసం బోర్డులను ప్రాసెసర్ వేగం, ర్యామ్, ధర అనే మూడు గడుల పట్టికలో పెట్టి, మార్కులు వేసి ఊరుకుంది. ముప్పై ఏళ్లు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి, పదవీ విరమణ తర్వాత ప్రతి ఆదివారం మా ఇంటి వరండాలో ఆరేడుగురు పిల్లలతో ఈ బోర్డుల మీదే పని చేయిస్తున్నాను. ఆ మూడు అంకెలను నమ్మి బోర్డు కొన్న ఇంట్లో ఇబ్బంది ఎక్కడ మొదలవుతుందో దగ్గర నుంచి చూశాను కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ వ్యాసం మొదటి స్థానం ఇచ్చిన రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూనే తీసుకుందాం. 2021 అక్టోబరులో 15 డాలర్లకు విడుదలైన ఈ బోర్డులో 1 గిగాహెర్ట్జ్ వేగంతో నడిచే నాలుగు కోర్లు, 512 ఎంబీ ర్యామ్, వైఫై ఉన్నాయి. అరచేతిలో సగం కూడా ఉండదు. నేను దాన్ని 1,700 రూపాయలకు కొన్నాను. కానీ ఆ బోర్డు ఒక్కటే ఏమీ చేయలేదు. 32 జీబీ మెమరీ కార్డుకు 450, అడాప్టర్‌కు 600, టీవీకి కలపడానికి మినీ హెచ్‌డీఎంఐ ముక్కకు 200, కీబోర్డు, మౌస్ పెట్టుకునే యూఎస్‌బీ హబ్‌కు 350, తీగలు కలపడానికి టంకం వేసుకోవలసిన 40 కాళ్ల (పిన్నుల) వరుసకు 60, డబ్బాకు 240 కలుపుకుంటే నా చేతి నుంచి వెళ్లింది 3,600 రూపాయలు. బోర్డు ధరకు ఇది రెండింతల పైమాట. పిల్లవాడి చదువు ఖర్చు నెలనెలా లెక్క చూసుకునే తండ్రి మీ పట్టికలో 1,700 చూసి సరేనన్నాక, మిగతా పందొమ్మిది వందలు విడతలు విడతలుగా అడిగించుకోవలసి వస్తుంది. పత్రిక వేసే ధర పని మొదలుపెట్టడానికయ్యే మొత్తం ధర కావాలి.

ఈ బోర్డుల పుట్టుకలోనే ఆ ఆలోచన ఉంది. కేంబ్రిడ్జిలో కంప్యూటర్ సైన్సు చదవడానికి వచ్చే విద్యార్థుల సంఖ్య, వాళ్లకు అప్పటికే చేతనైన పని రెండూ తగ్గుతున్నాయని గమనించి, రాస్ప్‌బెర్రీ పై స్థాపకుల్లో ఒకరైన ఎబెన్ అప్టన్, ఆయన సహచరులు ఈ ప్రయత్నం మొదలుపెట్టారు. మొదటి బోర్డు 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్లకు వచ్చింది. 2015 నవంబరులో 5 డాలర్ల పై జీరోను వాళ్ల మాసపత్రిక ముఖచిత్రానికి అంటించి పాఠకులకు ఉచితంగా ఇచ్చారు. ఒక పత్రిక తన పాఠకుల చేతికి కంప్యూటర్‌నే అందించిన ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు నిండిపోతుంది. పాడైపోతుందన్న భయం లేకుండా పిల్లలు పట్టుకోగలగాలన్నది వాళ్ల ఉద్దేశం. పాడైతే మళ్లీ కొనగలమా, ఎక్కడ పాడవుతుంది, ఎందుకు పాడవుతుంది అన్నవి కూడా మూల్యాంకనంలో భాగం కావాలని నేను అనడానికి కారణం అదే.

ఇక్కడ మా వరండా అనుభవం కొంచెం వివరంగా చెప్పనివ్వండి. మాది భీమవరం. మా దగ్గరికి వచ్చే ఒక ఇంటర్ విద్యార్థి వాళ్ల నాన్నగారికి రొయ్యల చెరువు ఉంది. రాత్రిపూట చెరువులో ఆక్సిజన్ తయారుకాదు, ఖర్చు మాత్రం అవుతూనే ఉంటుంది కనుక తెల్లవారుజామున అది బాగా అడుగంటుతుంది. ఆ వేళ కరెంటు పోయి, నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగితే, కాపలా మనిషి లేచి వెంటనే జనరేటర్ వేయకపోతే పంట నష్టమే. కరెంటు పోగానే, మూడు ఫేజుల్లో ఒక్కటి పోయినా, గట్టు మీది షెడ్డులో బజర్ మోగించాలనీ, నీటి ఉష్ణోగ్రతను పది నిమిషాలకోసారి రాసి పెట్టాలనీ ఆ అబ్బాయి సంకల్పం. మూడు ఫేజులకు మూడు పాత ఫోన్ చార్జర్లు ఎలక్ట్రీషియన్ చేత పెట్టించి, వాటి 5 వోల్టులు ఉన్నాయా లేవా అని బోర్డు చూసేలా అమర్చాము. నీటిలోకి ఉష్ణోగ్రత కొలిచే డీఎస్18బీ20 సెన్సారు దించాము.

మొదటి పాఠం తొలి గంటలోనే వచ్చింది. ఈ బోర్డు కాళ్లు 3.3 వోల్టులే భరిస్తాయి. తొందరలో ఆ అబ్బాయి చార్జర్ తీగను నేరుగా కాలికి కలిపాడు. ఆ కాలు ఇక పలకలేదు. అదృష్టవశాత్తూ బోర్డు మిగిలింది. ఒక కిలో ఓము, రెండు కిలో ఓముల రెసిస్టర్లు వరుసగా కలిపి మధ్య నుంచి తీగ తీస్తే 5 వోల్టులు 3.3కు దిగుతాయి. ఆ రెండు రెసిస్టర్ల ఖరీదు రెండు రూపాయలు ఉండదు. కొత్తగా కొనేవారికి ప్రాసెసర్ వేగం కంటే ముందు చెప్పవలసిన అంకె ఈ 3.3 అని నా నిశ్చితాభిప్రాయం.

రెండో ఇబ్బంది అడాప్టర్‌తో వచ్చింది. ఒక ఆన్‌లైన్ దుకాణం కిట్‌లో పెట్టి పంపిన అడాప్టర్ మీద 5 వోల్టులు, 3 ఆంపియర్లు అని ముద్రించి ఉంది. బోర్డు మాత్రం కారణం తెలియకుండా ఆగి మళ్లీ మొదలయ్యేది. ఈ కంపెనీ పెద్ద బోర్డుల్లో వోల్టేజీ 4.63కు దిగితే తెర మీద మెరుపు గుర్తు పడుతుంది. జీరో తరగతి బోర్డుల్లో అది కనిపెట్టే సర్క్యూటే లేదు. అందువల్ల మల్టీమీటర్ పట్టుకుని 2వ కాలికీ 6వ కాలికీ మధ్య కొలిచాము. వైఫై పని చేస్తున్నప్పుడు 4.5 చూపింది. అడాప్టర్ మార్చాక ఆ బాధ తీరింది. కానీ అంతవరకు ఆ అబ్బాయి తను రాసిన ప్రోగ్రాంలోనే తప్పుందనుకుని రెండు వారాలు దాన్నే తిరగేసి రాశాడు. చవక సామాను చేసే అసలు హాని ఇదే. పోయిన డబ్బు సరే, తప్పు తనదేనని నమ్మి పిల్లవాడు కుంగిపోతాడు.

అసలు పరీక్ష మే నెలలో ఎదురైంది. ఒక రాత్రి కరెంటు పోయింది, కాసేపటికి వచ్చింది, మళ్లీ పోయింది. బోర్డుకు అండగా పెట్టిన పవర్ బ్యాంక్ చార్జింగ్ నుంచి బ్యాటరీకి మారేటప్పుడు ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో బోర్డు కార్డు మీద ఏదో రాస్తోంది కాబోలు, ఫైళ్లు చెడిపోయి బోర్డు మళ్లీ లేవలేదు. బజర్ మోగలేదు. ఆ రాత్రి కాపలా మనిషి మెలకువగా ఉండి జనరేటర్ వేశాడు కాబట్టి చెరువుకు ఏమీ కాలేదు. మర్నాడు పొద్దున్నే ఆ అబ్బాయి బోర్డు పట్టుకొచ్చి, “మాస్టారూ, కరెంటు పోయిందని చెప్పాల్సిన బోర్డే కరెంటు పోతే పడిపోయిందండీ” అన్నాడు. వాడి ముఖం చూస్తే నాకు చాలా కష్టంగా అనిపించింది.

దీనికి విరుగుడు లేకపోలేదు. బోర్డు అమరికల్లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ అనే వీలును పెట్టుకుంటే కార్డు మీద రాయడం ఆగిపోతుంది, మార్పులన్నీ ర్యామ్‌లోనే ఉంటాయి. అప్పుడు హఠాత్తుగా కరెంటు పోయినా కార్డు చెడే ప్రమాదం బాగా తగ్గుతుంది. అయితే ఉష్ణోగ్రతల చిట్టాను వేరేచోట దాచుకోవాలి. ఇంకొకటి, ఈ బోర్డులో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. ఇంటర్నెట్ అందని చోట కరెంటు పోయి వస్తే అది తనకు చివరిగా గుర్తున్న సమయం నుంచి లెక్క మొదలుపెడుతుంది. మా చిట్టాలో తెల్లవారుజాము మూడు గంటల ఉష్ణోగ్రత రాత్రి పదకొండు పేరు మీద పడింది. డీఎస్3231 అనే చిన్న గడియారం ముక్కను బిళ్ల బ్యాటరీతో కలిపితే అది సరిపోయింది. 2023లో వచ్చిన పై 5లో గడియారం ఉంది కానీ దాని బ్యాటరీని విడిగా కొనుక్కోవాలి. పైగా ఆ బోర్డు 5 ఆంపియర్ల అడాప్టర్ అడుగుతుంది.

ఇంతా చేశాక, బజర్ పనికి అసలు ఈ బోర్డు అవసరమా అన్న ప్రశ్న మిగిలింది. అవసరం లేదు. అదే కంపెనీ 2021 జనవరిలో 4 డాలర్లకు తెచ్చిన పికో అనే మైక్రోకంట్రోలర్ బోర్డు (మనం ఎక్కించిన ఒక్క ప్రోగ్రాంనే నడిపే చిన్న చిప్పు ఉన్నది) అందుకు చాలు. మీ పట్టిక దాన్ని ర్యామ్ 264 కేబీ మాత్రమే అని చివర్లో పెట్టింది. కానీ అందులో చెడిపోవడానికి మెమరీ కార్డూ లేదు, ఆపరేటింగ్ సిస్టమూ లేదు. కరెంటు తగలగానే క్షణంలో పని మొదలుపెడుతుంది. 1.8 నుంచి 5.5 వోల్టుల దాకా ఏది ఇచ్చినా తీసుకుంటుంది కనుక మూడు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. మా మీటరులో జీరో ఊరికే ఉన్నప్పుడు 120 మిల్లీ ఆంపియర్ల దాకా తాగితే, పికో పాతిక దగ్గర ఆగింది. ఒక చిక్కు మాత్రం ఉంది. వాడకం మరీ తక్కువైతే చాలా పవర్ బ్యాంకులు ఏదీ తగిలించి లేదనుకుని వాటంతట అవే ఆగిపోతాయి. అందుకే మేము సెల్స్‌కే వెళ్లాము. వర్షాకాలం అంతా గట్టు మీద అదే పని చేసింది. పట్టికలో చివరి బోర్డు చెరువు దగ్గర మొదటిదయింది.

అలాగని జీరోను తీసిపారేయలేదు. అది చేయగలిగి, పికోతో తేలిగ్గా కుదరని పని ఒకటి మాకు ఎదురైంది, అది మన భాషకు సంబంధించినది. కాపలా మనిషికి ఇంగ్లీషు రాదు కాబట్టి తెర మీద అక్షరాలు తెలుగులో ఉండాలని పిల్లలు పట్టుబట్టారు. బజారులో దొరికే రెండు వరుసల ఎల్‌సీడీలో మనం సొంతంగా గీసుకోగలిగేది ఎనిమిది అక్షరాలే, అదీ ఒక్కొక్కటి అయిదు చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు. అందులో “నీరు” అని అతికించగలిగినా “ఉష్ణోగ్రత” ఇమడదు. జీరోలో మాత్రం తెలుగు ఫాంటు పెట్టి, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పిల్లో అనే లైబ్రరీతో (సిద్ధంగా రాసిపెట్టిన ప్రోగ్రాంల కట్టతో), ఒత్తులు కూర్చే తోడు లైబ్రరీ సాయంతో చిన్న ఓఎల్‌ఈడీ తెర మీద “ఉష్ణోగ్రత 29” అని వత్తుతో సహా చక్కగా రాయించగలిగారు. ఇప్పుడు అది వాళ్లింటి హాల్లో ఉంది. పికో దాచిన చిట్టాను అబ్బాయి రోజూ తెచ్చి అందులో వేస్తాడు, వాళ్ల నానమ్మ కూడా చదువుతుంది. తెలుగు చూపగలదా అన్న గడి మీ పట్టికలో ఉంటే, తెలుగు పత్రిక వేసిన పట్టిక అని ఎవరైనా గుర్తుపడతారు.

ఎన్నేళ్లు తోడుంటుంది అన్నది కూడా చూడాలి. 2012 నాటి మొదటి బోర్డుకు పదేళ్లు దాటాక కూడా కొత్త 32 బిట్ల ఆపరేటింగ్ సిస్టమ్ అందుతూనే వచ్చింది. అంతకంటే చవకగా, కాగితం మీద అంతకంటే వేగంగా కనిపించే బోర్డులు చాలా ఉన్నాయి. వాటిలో కొన్నింటికి అమ్మిన ఏడాది ఇచ్చిన సాఫ్ట్‌వేరే కడదాకా గతి. సందేహం వస్తే చదువుకోవడానికి సరైన పుస్తకం ఉండదు, అడగడానికి మనిషి ఉండడు. పెద్ద ఊళ్లో ఉన్న ఇంజినీరు దాంతో ఎలాగో నెట్టుకొస్తాడు. గురువు దగ్గర లేని పల్లెటూరి పిల్లవాడు మాత్రం దాన్ని బీరువాలో పెట్టేస్తాడు.

ఈ విషయం ఇళ్లతో ఆగేది కూడా కాదు. వచ్చే అయిదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో 50,000 అటల్ టింకరింగ్ ల్యాబులు (పిల్లలు సొంతంగా పరికరాలు చేసి నేర్చుకునే గదులు) పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. ఏ బోర్డు తెప్పించాలో తేల్చుకోవలసిన సైన్సు మాస్టార్లలో చాలామందికి దగ్గరగా అందే సలహా మీలాంటి పత్రికల్లో వచ్చే వ్యాసమే. వాళ్ల బడిలోనూ కరెంటు పోతుంది, వాళ్ల గదిలోనూ ఏప్రిల్‌లో రేకుల కప్పు కాలిపోతుంది. ఈ బోర్డుల ప్రాసెసర్ 80 డిగ్రీలు దాటితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు పట్టికలో వేసిన గిగాహెర్ట్జులు ఆ గదిలో ఉండవు.

కాబట్టి నా మనవి ఇది. తర్వాతి సారి ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు ముందు ఒక పని చెప్పండి, ఆ పనికి బోర్డును నెల రోజులు నడపండి, ప్లగ్గు పదిసార్లు పీకి పెట్టండి, మల్టీమీటర్‌తో వోల్టేజీ కొలవండి, తీగలూ కార్డులూ కలిపి మొత్తం ఖర్చు వేయండి, ఆ తర్వాత మార్కులు ఇవ్వండి. మీ ప్రతినిధి ఎవరైనా వేసవిలో వచ్చి చూస్తానంటే చెరువు గట్టున షెడ్డు ఉంది, అందులో ప్లగ్గు ఉంది, ఏ రాత్రి ఏది ఆగిందో పిల్లలు తేదీలతో సహా రాసుకున్న రెండు వందల పేజీల నోటుబుక్కు మా ఇంట్లో ఉంది. ఆదివారం అయితే పిల్లలు కూడా ఉంటారు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు,
భీమవరం.