పచ్చడి డబ్బాతో పంపుతున్న ఉత్తరం

చిట్టీ,

నీ గొంతు విని ఇరవై రోజులైంది. ఫోన్ చేస్తే "డ్యూటీలో ఉన్నా బాపూ, మళ్లీ చేస్తా" అని మెసేజ్ పెడతావు. మళ్లీ చెయ్యవు. యాదగిరి కాక రేపు హైదరాబాద్ వస్తున్నాడు. మామిడికాయ పచ్చడి, సర్వపిండి కట్టి, అందులోనే ఈ ఉత్తరం పెడుతున్నా. సర్వపిండి రెండు రోజుల్లో తినెయ్యి.

పత్తి రెండో ఏరుడు అయిపోయింది. నాయనమ్మ బీపీ నువ్వు గీతలు గీసిచ్చిన నోటుబుక్కులోనే రాయించుకుంటోంది. వేరే కాగితం మీద రాస్తే ఒప్పుకోదు.

నర్సింగ్ నాలుగో ఏడు స్కాలర్‌షిప్ రెన్యువల్ చేశావా? సర్కారు స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌లో దరఖాస్తు పెట్టగానే అయిపోదు. మీసేవలో వేలిముద్ర వెయ్యాలి, జిరాక్సులు కాలేజీలో ఇవ్వాలి. ట్యూషన్ ఫీజు కాలేజీకి పోయినా నీ ఖర్చులకిచ్చే మెయింటెనెన్స్ పైసలు నీ ఖాతాకే రావాలి. ఆధార్ ఏ బ్యాంకుకు లింకైతే అందులోనే పడతాయి, చూసుకో.

సురేశ్ అన్న సంగతి గుర్తుందా? ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు డీఎంఎల్‌టీ చదివేటప్పుడు ఏడాది పాటు స్కాలర్‌షిప్ పైసా రాలేదు. కాలేజీ క్లర్కే తిన్నాడని గొడవపెట్టుకున్నాడు. వెంకటయ్య మామ కూలి పోగొట్టుకుని రెండుసార్లు వెల్ఫేర్ ఆఫీసుకు తిరిగాడు. జమ అయినట్టు వాళ్లు కంప్యూటర్లో చూపించారు. పాస్‌బుక్కులో మాత్రం ఏమీ లేదు. సురేశ్ రెండు రోజులు అన్నం ముట్టలేదు, చదువు మానేస్తానన్నాడు. చివరికి ఊళ్లో బ్యాంకు మిత్ర దగ్గర ఆధార్ లింకు చూపించుకుంటే వేరే బ్యాంకు పేరు వచ్చింది. ఎప్పుడో ఆఫర్ అంటే తెరిచి మరిచిపోయిన ఖాతా. పైసలన్నీ అందులోనే పడి ఉన్నాయి. ఆ ఏడాదంతా వాడు ఇంట్లో ఎవరికీ నోరు విప్పి చెప్పలేదు, నాకు బాధంతా అదే.

రాజేశ్వరి అత్త కొడుకు ఒక మాట అన్నాడు. నువ్వు రాత్రిళ్లు ఎవరింట్లోనో మంచాన పడ్డ పెద్దామె దగ్గరికి పోతున్నావట. సర్కారు నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు, ముందు మీరే కట్టండి అని కాలేజీవాళ్లు అంటున్నారట. నిజమేనా బిడ్డా? పెద్దామెకు సేవ చెయ్యడంలో తప్పు లేదు. రాత్రంతా మేలుకుని పొద్దున వార్డులో మందు డోసు ఎట్లా లెక్క చూస్తావు? స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరుండాలి, పరీక్ష రాయాలంటే 80 శాతం. ప్రాక్టికల్స్ నూటికి నూరు పూర్తిచేస్తేనే డిగ్రీ చేతికొస్తుందని చేరిన రోజే చెప్పారు, నేను అక్కడే ఉన్నా. మూడేళ్లు కష్టపడి నాలుగో ఏడు పోగొట్టుకోకు. లెక్చర్ ఇవ్వొద్దనుకునే మొదలుపెట్టా, మళ్లీ ఇచ్చేశా.

మీ అమ్మ మెడలోని బంగారు గుండ్లు తాకట్టు పెడదామంటోంది. ఎంత కట్టాలో నీ నోటితో విన్నాకే ఏదైనా చేద్దామన్నా. ఎంతైనా సరే, చెప్పు. కాలేజీలో మాట్లాడాలంటే నేనొస్తా, పత్తి పైసలు రావడానికి ఇంకో వారం పడుతుంది. ఆ పెద్దామె ఇంటికి రాత్రి ఎట్లా పోతున్నావు, ఆటోలోనా? తోడు ఎవరున్నారు?

ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటా. పచ్చడిలో తడి చెంచా పెట్టకు. స్వెట్టర్ డబ్బా కింద ఉంది, చూసుకో.

బాపు