కలివికోడి నేలకు హద్దురాళ్లు ఎప్పుడు వేస్తారు?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో కలివికోడి అనే అరుదైన పక్షికి నెలవైన లంకమల అభయారణ్యం మీద వచ్చిన కథనం చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు. కనిపించని పిట్ట కోసం ఇన్ని ఎకరాలు ఎందుకు ఆపి పెట్టాలి అని ఒక నాయకుడు అన్న మాటను ఉన్నది ఉన్నట్టు వేశారు. దానికి అటవీ శాఖ ఏమంటుందో ఒక్క ముక్క కూడా రాయలేదు. కడపలో అచ్చయ్యే పేజీలో కలివికోడి గురించి రాసే తీరు ఇదేనా?

కనిపించకపోతే లేనట్టే అనే మాట మన జిల్లాలో ఎవరూ అనకూడదు. 1848లో జెర్డాన్ అనే సైనిక వైద్యుడు ఈ పక్షి గురించి లోకానికి చెప్పాడు. 1900 తర్వాత దాని జాడ లేదు, అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో లంకమల కింద రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ గారు వెతుకుతుంటే, రాత్రిపూట టార్చి వెలుతురులో దాన్ని పట్టి చూపించింది ఇక్కడి వేటగాడే. జానెడు కంటే కాస్త పెద్ద పక్షి అది. పగలంతా మట్టిరంగులో కలిసిపోయి పొద నీడన కదలకుండా కూర్చుంటుంది, చీకటి పడ్డాకే మేతకు బయటికొస్తుంది. అందుకే పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీల్లా పరిచి, తెల్లారాక వెళ్లి కాలి గుర్తులు వెతికేవారు. అలాంటి పక్షి పట్టపగలు కారులో పోయే నాయకుడికి ఎలా కనిపిస్తుంది?

దానికి దట్టమైన అడవి పనికిరాదు, చదును చేసిన చేనూ పనికిరాదు. రేగు, కలివి, తుమ్మ లాంటి ముళ్ల పొదలు, వాటి మధ్య ఖాళీ నేల ఉండాలి. హెక్టారుకు 300 నుంచి 700 దాకా పెద్ద పొదలున్న చోటే అది ఎక్కువగా తిరుగుతుందని లంకమలలో జరిగిన పరిశోధనే చెప్పింది. మన రెవెన్యూ లెక్కల్లో అలాంటి నేలంతా బీడు. బీడు అనగానే జేసీబీ వస్తుంది, నిమ్మతోట వస్తుంది, లేదంటే పచ్చదనం పెంచుతామని గుంతలు తీసి మొక్కలు నాటుతారు. మొక్కలు నాటినా ఈ పక్షికి ఇల్లు పోయినట్టే. ఈ సంగతి పై ఆఫీసుల్లో ఎవరికీ పట్టదు.

చట్టం లేదా అంటే, నిక్షేపంగా ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కలివికోడిది మొదటి షెడ్యూలు, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితా. వేటాడితే తక్కువలో తక్కువ మూడేళ్లు జైలు. అభయారణ్యంలో వన్యప్రాణుల ఆవాసాన్ని పాడు చేయాలన్నా, నీటి దారి మళ్లించాలన్నా 29వ సెక్షన్ ఒప్పుకోదు. వన్యప్రాణులకు మేలు జరుగుతుందని తేలితేనే అనుమతి. జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫార్సు లేకుండా హద్దులు మార్చడానికీ వీల్లేదు. అభయారణ్యం లోపలా, హద్దు నుంచి కిలోమీటరు దూరం దాకా మైనింగ్ కుదరదని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

ఆ చట్టం ఇక్కడ పనిచేసింది కూడా. 2005లో తెలుగుగంగ కాలువ కోసం అనుమతి లేకుండా ఈ పక్షి నేలలోకి యంత్రాలు దించి తవ్వేశారు. విషయం సుప్రీంకోర్టు కమిటీ దాకా పోయింది, పనులు ఆగాయి, కాలువ దారి మారింది. నీళ్లు కావాలా పిట్ట కావాలా అని అప్పుడూ గోల చేశారు. పిట్ట నేలను వదిలి కూడా కాలువ తవ్వవచ్చని చివరికి తేలింది కదా!

నా బాధ ఏమిటంటే, ఆ చట్టం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో నేల మీద తెలియదు. అభయారణ్యం హద్దుల మ్యాపు చూపించమని ఒక ఆఫీసుకు పోయాను. అది మా పని కాదు, పక్క ఆఫీసులో అడగమన్నారు. అక్కడికి పోతే సర్వేయరు సెలవులో ఉన్నాడన్నారు, మళ్లీ పోతే పైనుంచి లెటర్ తెమ్మన్నారు. రిటైరైన మాస్టరుకే ఈ తిప్పలుంటే, రెండెకరాల రైతు తన చేను లోపలుందో బయటుందో ఎవరిని అడగాలి? కట్టెల మోపు తెచ్చుకునే ముసలమ్మను ఆపి ఫైన్ రాస్తారు, మేకలోళ్ల మీద కేసులు పెడతారు. రాత్రికి రాత్రి పొదలు పెరికేసిన జేసీబీ ఎవరిదో మాత్రం ఎవరికీ తెలియదంటారు. చట్టం పేదోడి దగ్గరే గట్టిగా ఉంటే ఊళ్లో జనం పిట్టను తిట్టుకోక ఏం చేస్తారు?

నంద్యాల జిల్లా రోళ్లపాడు చూసైనా మనకు బుద్ధి రావాలి. బట్టమేక పక్షి కోసం 1988లో అక్కడ అభయారణ్యం ప్రకటించారు. ఆరు చదరపు కిలోమీటర్లకు కంచె వేసి, చుట్టూ ఉన్న గడ్డినేలలు సాగులోకి పోతుంటే చూస్తూ కూర్చున్నారు. బట్టమేకకు ఆ గడ్డినేలలు కూడా కావాలి, కంచె లోపలి ముక్క చాలదు. ఇప్పుడు అక్కడ అభయారణ్యం ఉంది, బట్టమేక లేదు. అదే సత్యసాయి జిల్లా వీరాపురంలో చూడండి, చింతచెట్ల మీద గూళ్లు పెట్టే ఎర్రకాళ్ల కొంగలను ఊరి జనమే పిల్లల్లా సాకుతున్నారు. చెప్పి, కలుపుకొని పోతే మన సీమ జనం అడ్డం రారు.

కలెక్టరు గారికి నా విన్నపం ఇదీ. అటవీ, రెవెన్యూ శాఖలు కలిసి జాయింట్ సర్వే చేసి లంకమల హద్దురాళ్లు వేయించాలి. సర్వే నంబర్లతో తెలుగులో మ్యాపు తయారుచేసి చుట్టుపక్కల ప్రతి గ్రామ సచివాలయంలో అంటించాలి. హద్దు బయట మిగిలిన పొదల నేలను బీడు కింద ఎవరికైనా రాసిచ్చే ముందు అటవీ శాఖ మాట తీసుకోవాలి. సర్వేలో ఎవరి పట్టా భూమైనా లోపల పడితే నష్టపరిహారం ఆలస్యం లేకుండా ఇవ్వాలి. వచ్చే గ్రామసభల్లోనే ఈ పని మొదలుపెట్టవచ్చు, దీనికి కొత్త జీవో ఏమీ అక్కర్లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
బద్వేలు, కడప జిల్లా