ప్రమోషన్ కోసం రోగిని వదిలిపెట్టాలా?

సంపాదకుడు గారికి,

నర్సుల కొరత గురించి మీ పత్రికలో తరచు చదువుతున్నాను. సీట్లు పెంచాలి, కొత్తవాళ్లను తీసుకోవాలి అంటున్నారు. మంచిదే. కానీ ఉన్నవాళ్లు రోగి దగ్గర నుంచి ఎందుకు వెళ్లిపోతున్నారన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోవడం లేదు. వార్డులో పనిచేసే స్టాఫ్ నర్సుగా ఆ సంగతే రాస్తున్నాను.

మా ఉద్యోగంలో పైకి వెళ్లాలంటే సాధారణంగా వార్డు పని వదులుకోవాల్సిందే. ఏళ్ల తరబడి పనిచేసి చేయి తిరిగిన నర్సుకు ప్రమోషన్ ఇచ్చి డ్యూటీ రోస్టర్లు వేయమని, కావాల్సిన సామానుకు ఇండెంట్లు రాయమని, సెలవు చీటీల మీద సంతకాలు పెట్టమని కూర్చోబెడతారు. ఆ పనులూ ఎవరో ఒకరు చేయాలి, కాదనను. వాటిని ఇష్టంగా చేసేవాళ్లూ ఉన్నారు. ఇష్టం లేనివాళ్లు కూడా జీతం కోసం అటే వెళ్లాల్సి రావడమే బాధ. వెళ్లనివాళ్లు చేరిన నాటి హోదాలోనే రిటైరవుతారు.

అనుభవం ఏం చేస్తుందో చూడండి. ఆపరేషన్ అయిన మర్నాడు ఒక రోగి. బీపీ బాగానే ఉంది, జ్వరం లేదు, ఆక్సిజన్ కూడా ఫర్వాలేదు. సీనియర్ నర్సు దుప్పటి కాస్త కిందికి జరిపి, గడియారం చూసుకుంటూ నిమిషం పాటు ఊపిరి లెక్కపెడుతుంది. 26. చార్టులో మాత్రం పొద్దుటి నుంచి ప్రతిసారీ 18 అనే ఉంది. (ఆ 18 సంగతి మా వాళ్లందరికీ తెలుసు. లెక్కపెట్టే తీరిక లేనప్పుడు పడే అంకె అది.) రోగి పరిస్థితి దిగజారేటప్పుడు చాలాసార్లు ముందు మారేది శ్వాస వేగమే. ఆమె డాక్టరుకు ఫోన్ చేసి "ఏదో తేడాగా ఉంది సార్" అని ఊరుకోదు. "శ్వాస 26, పొద్దుటి కంటే మగతగా ఉన్నారు, యూరిన్ తగ్గింది, మీరు వెంటనే వచ్చి చూడాలి" అంటుంది. ఈ నేర్పును రోస్టర్ల బల్ల దగ్గర కూర్చోబెట్టి ఎవరికి లాభం?

నర్సు నేర్పులో కొత్తగా చేరిన దశ నుంచి నిపుణత దాకా ఐదు దశలుంటాయని అమెరికాకు చెందిన నర్సింగ్ పండితురాలు ప్యాట్రీషియా బెన్నర్ 1984లోనే వివరించారు. అలాంటి దశలను ఆధారం చేసుకుని అక్కడ చాలా ఆస్పత్రులు 'క్లినికల్ ల్యాడర్' పెట్టుకున్నాయి. అంటే రోగుల సేవలో ఉంటూనే మెట్టు మెట్టుగా పైకి వెళ్లవచ్చు. మన దగ్గరా అలాంటిది రావాలి, జీతమూ దానికి తగ్గట్టే పెరగాలి. జీతం పెంచకుండా బ్యాడ్జి రంగు మాత్రం మారిస్తే దాన్ని ప్రమోషన్ అనలేం.

ఇందులో నాకున్న భయం ఫైళ్ల గురించి. మెట్టు ఎక్కాలంటే ఇన్ని సర్టిఫికెట్లు, ఇన్ని సెమినార్లు, ఇన్ని కమిటీలు అని పెడితే, కాగితాలు బాగా సర్దుకోగలిగినవాళ్లకే అది అందుతుంది. నైట్ డ్యూటీ దిగి ఇంటికెళ్లి పిల్లల్ని స్కూలుకు పంపే ఆమె వెనకబడిపోతుంది. పనిని పని జరిగే చోటే చూడాలి. డ్యూటీ దిగేటప్పుడు రోగుల వివరాలు తర్వాతి నర్సుకు ఎలా అప్పగిస్తోంది (హ్యాండోవర్), దొరకని నరం దగ్గర జూనియర్‌కు ఎలా నేర్పుతోంది, భయపడిపోయిన బంధువులతో ఎలా మాట్లాడుతోంది అన్నవి తోటి నర్సులు పక్కనుండి చూసి చెప్పాలి. రాతపని ఉంటే దానికి డ్యూటీలోనే సమయం ఇవ్వాలి.

డబ్బెక్కడిది అని యాజమాన్యాలు అడుగుతాయి. అనుభవమున్న నర్సు మానేస్తే కొత్తామెను వెతకడం, నెలల పాటు ఇంకొకరిని తోడుపెట్టి నేర్పించడం ఊరికే జరుగుతున్నాయా? ఆ ఖర్చు విడిగా ఎక్కడా రాయరు కాబట్టి కనపడదు, అంతే.

అలాగని సిబ్బందిని పెంచకుండా మెట్లు మాత్రం కడితే ఉపయోగం లేదు. అమెరికాలో నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం సర్జరీ రోగుల మీద చేసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, నర్సుకు ఒక్కో రోగి అదనంగా పెరిగేకొద్దీ 30 రోజుల్లో మరణించే అవకాశం 7 శాతం చొప్పున ఎక్కువగా కనిపించింది. ఎంత నిపుణురాలైనా చేతిలో పట్టనంత మంది రోగులుంటే ఆమె చార్టులోనూ 18 పడుతుంది.

మొదట ఐసీయూలోనో, పిల్లల వార్డులోనో మొదలుపెట్టినా చాలు. నియమాలు రాసే కమిటీలో మాత్రం ఇప్పటికీ నైట్ డ్యూటీలు చేస్తున్నవాళ్లు సగం మందైనా ఉండాలి.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు