రీడింగు మా బాల్కనీలో తీయించండి: కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ మంత్రిగారికి నమస్కారములు.

సెల్ టవరు రేడియేషన్ విషయమై నేను ఇంతకుముందు రాసిన తొమ్మిది అర్జీలలో ఏ ఒక్కటైనా మీ బల్ల దాకా వచ్చిందో లేదో నాకు తెలియదు. వచ్చి ఉంటే, ఈ పదో ఉత్తరంతో మిమ్మల్ని విసిగిస్తున్నందుకు మన్నించండి. రాకపోయి ఉంటే, అవన్నీ ఏ సొరుగులో నిద్రపోతున్నాయో కనుక్కోవడం నాకంటే మీకే తేలిక. రెండేళ్ల మూడు నెలలుగా కవరు మీద చిరునామా మారుస్తూ లోపల ఒకే మాట రాస్తున్నాను. ఈసారి కవరు మానేసి, పదిమందీ చదివేలా రాస్తున్నాను.

నేను విద్యుత్ శాఖలో 31 ఏళ్లు పనిచేసి రిటైరైనవాడిని. అందులో మొదటి పన్నెండేళ్లు ఇంటింటికీ తిరిగి మీటరు రీడింగులు తీశాను. రీడింగు అంటే మీటరున్న చోటికి స్వయంగా వెళ్లి, ఇంటివారు చూస్తుండగా, కనిపించిన అంకెను కనిపించినట్టు రాసి, వారి చేతికో చీటీ ఇచ్చి రావడమని మాకు మొదటి రోజే నేర్పారు. మీటరు గొడ్లసావిట్లో ఎండుగడ్డి వెనక ఉన్నా, కుక్క గొలుసు తెంపుకుని మీదికొచ్చినా అక్కడికి వెళ్లక తప్పదు. టీ కొట్టులో కూర్చుని, పోయిన నెల అంకెకు ఓ డెబ్బై యూనిట్లు కలిపి రాసేవాళ్లూ మాలో లేకపోలేదు; దొరికిన రోజున మెమోలు కూడా పుచ్చుకున్నారు. మా ఇంటి ఎదుటి టవరుకు కొలత తీసిన తీరు చూశాక నాకు ఆ టీ కొట్టే గుర్తుకొచ్చింది.

మేముండేది మూడో అంతస్తు. వీధికి అవతల డాబా మీద టవరు వేసిన కొత్తలో మూడు యాంటెన్నాలుండేవి, ఇప్పుడు తొమ్మిది. డాబా ఎత్తూ స్తంభం ఎత్తూ కలిసి అవి సరిగ్గా మా బాల్కనీకి ఎదురుగా వచ్చాయి. మధ్య దూరం నా అంచనాకు డెబ్బై అడుగులు మించదు. యాంటెన్నా పంపే శక్తిలో ఎక్కువ భాగం దాని ముఖం ఎటు ఉంటే అటు, కొద్దిగా కిందికి వాలుతూ పోతుందని, సరిగ్గా దాని కిందనున్న ఇంట్లో చాలా తక్కువే ఉంటుందని మీ ఇంజనీర్లకు నేను చెప్పక్కర్లేదు. దీపం కింద చీకటి అని మన పెద్దలు అననే అన్నారు. నెలనెలా అద్దె అందుకునే డాబా యజమానిగారు ఆ చీకట్లో హాయిగా ఉన్నారు. వెలుతురంతా మా మీదే పడుతోంది.

ఒక మాట ముందే స్పష్టం చేయాలి. ఈ టవరు వల్ల మాకు ఫలానా జబ్బు వచ్చిందని నేను అనడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2011 మే 31న ఈ తరంగాలను 'క్యాన్సర్ కారకం కావచ్చు' అనే 2బి వర్గంలో చేర్చిందని తెలుసు. అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన సమీక్ష ఒకటి, మొబైల్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనబడలేదని 2024లో తేల్చిందనీ తెలుసు. రెండోదాన్ని దాచిపెట్టి మొదటిదాన్ని మాత్రమే చదివి మా వీధివాళ్లను హడలగొట్టే పని నేను చేయలేదు. పైగా టవరు దూరమైతే, సిగ్నలు అందక, చెవి దగ్గరి ఫోనే మరింత బలంగా పనిచేయవలసి వస్తుందన్న సంగతి కూడా అపార్టుమెంటు మీటింగులో నేనే చెప్పి చీవాట్లు తిన్నాను. కాబట్టి టవరు పీకేయమని ఈ ఉత్తరంలో ఎక్కడా లేదు. నేనడుగుతున్నది అంకె.

మీ నిబంధనలు మీకే అప్పజెప్పవలసిన పని లేదు. అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకే మనవాళ్లు పరిమితం చేశారని, 900 మెగాహెర్ట్జ్ తరంగాల దగ్గర చదరపు మీటరుకు 4.5 వాట్లు ఉండవలసిన చోట 0.45 వాట్లే అనుమతించారని, 2012 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి తెచ్చారని ప్రతి అవగాహన సదస్సులోనూ వింటూనే ఉన్నాము. సంతోషమే. అయితే పరిమితి కాగితం మీద గీసిన గీత. మా బాల్కనీలో ఉన్నది ఆ గీతకు ఎంత కిందో, ఎంత పైనో సదస్సులో కూర్చుంటే తెలియదు.

అందుకే కొలవమని అడిగాము. సోమవారం గ్రీవెన్సులో ఇచ్చిన అర్జీని చూసి, ఇది తమ పరిధి కాదని, 2017లో కేంద్రం ప్రారంభించిన తరంగ్ సంచార్ పోర్టల్లో 4,000 రూపాయలు కడితే ఎవరింటి దగ్గరైనా కొలుస్తారని సలహా ఇచ్చారు. టవరు పెట్టమని అడగనివాడు, అది హద్దులో ఉందో లేదో తెలుసుకోవడానికి డబ్బు కట్టుకోవాలన్న ఏర్పాటు ఎవరి బుర్రలో పుట్టిందో గాని, మెచ్చుకోదగ్గది. ఆరు ఫ్లాట్ల వాళ్లం తలా ఇంత వేసుకున్నాము. మా వాచ్‌మన్ కూడా వంద రూపాయలు తెచ్చి ఇచ్చాడు. వద్దన్నా వినలేదు, అతని పిల్లలు వేసవంతా పడుకునేది మేడ మీదే.

కొలతకు వచ్చినవారు ఏ కార్యాలయం వారో, వారి పేర్లేమిటో ఇక్కడ రాయను. చిన్న ఉద్యోగిని బజారుకీడ్చడం నా ఉద్దేశం కాదు. మూడుసార్లు తేదీ మార్చి, చివరికి ఒక మంగళవారం పదకొండు దాటాక ఇద్దరు వచ్చారు. నల్లసంచిలోంచి మూడుకాళ్ల స్టాండు తీసి, తెల్లబంతి లాంటి సాధనాన్ని దానికి తగిలించి, గేటు దగ్గర, వాచ్‌మన్ కుర్చీ పక్కన, వేపచెట్టు కింద నిలబెట్టారు. ఆరు నిమిషాలు. నేను గడియారం చూసుకుంటూనే ఉన్నాను. ఆ చోటుకూ టవరుకూ మధ్య డాబా పిట్టగోడ, వేపచెట్టు రెండూ అడ్డం ఉన్నాయి.

అయ్యా, మేముండేది పైన, అక్కడ కదా కొలవవలసింది, అన్నాను. లిఫ్టు పనిచేయడం లేదు కదండీ, అన్నారు. ఆ మాట నిజమే, మా లిఫ్టు అప్పటికి పది రోజులుగా ఆగి ఉంది. స్టాండు నేను మోస్తానన్నాను. ప్రభుత్వ పరికరం ఇతరుల చేతికి ఇవ్వకూడదట. పోనీ, ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగే రాత్రి తొమ్మిది గంటలవేళ రమ్మన్నాను. కరెంటు లోడు మిట్టమధ్యాహ్నం కొలిచి సాయంత్రపు లోడు ఇంతేనని ఎవరైనా చెబితే మా పాత అసిస్టెంట్ ఇంజనీరుగారు ఫైలు ముఖాన కొట్టేవారు. దానికి కొలతకు వచ్చినవారిలో ఒకాయన ఎంతో మర్యాదగా, వచ్చేవారం చేతిలో పట్టుకునే చిన్న సాధనంతో సాయంత్రం పూట వచ్చి, బాల్కనీలోనూ పడకగదిలోనూ మేడ మీదా కొలిచి, అంకెలన్నీ రాసిస్తామని మాట ఇచ్చారు. ఆ మాటే కాగితం మీద పెట్టమంటే, "నా మీద నమ్మకం లేదా బాబాయిగారూ" అని నొచ్చుకున్నారు. మా ఇంటావిడ మజ్జిగ ఇచ్చి పంపింది.

ఆ వచ్చేవారం ఇంకా రాలేదు.

వచ్చింది మాత్రం నలభై ఒక్క రోజుల తరువాత ఒక కాగితం. 'రేడియేషన్ నిర్దేశిత పరిమితులకు లోబడి ఉన్నది. ఫిర్యాదు పరిష్కరించబడినది.' అంతే. ఎంత ఉంది, ఎక్కడ తీశారు, ఏ సమయంలో తీశారు, తొమ్మిది యాంటెన్నాలదీ కలిపి కొలిచారా, ఒకదాన్నే కొలిచారా అన్నవి ఏవీ లేవు. కరెంటు బిల్లు మీద యూనిట్లు రాయకుండా 'మీ వాడకం సమంజసంగా ఉన్నది' అని అచ్చు వేసి ఇస్తే ఏ ఇల్లాలైనా ఊరుకుంటుందా? సమాచార హక్కు చట్టం కింద అంకె అడిగితే, టవరు కంపెనీ తనకు తానే ఇచ్చుకున్న ధ్రువపత్రం నకలు పంపారు. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుని, మార్కులు కూడా చెప్పకుండా, పాసయ్యానని చెప్పుకోవడం నేనిక్కడే చూశాను. మళ్లీ రాశాను, మళ్లీ మాట ఇచ్చారు. ఆ తరువాత పోర్టల్లో 'ఇల్లు తాళం వేసి ఉన్నందున కొలత తీయలేదు' అని కనిపించింది. వారు వచ్చినట్టు రాసుకున్న రోజున మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం జరిగింది. నలభై మంది భోజనాలు చేశారు. తాళం ఎవరి కంటికి కనబడిందో ఆ స్వామికే తెలియాలి.

దీనివల్ల మీకేం నష్టమని ఒక అధికారి అడిగారు. ఏడో నెలలో మా అమ్మాయిని పురిటికి తీసుకురావడానికి వెళ్లాము. వియ్యపురాలు పెద్దమనిషే, ఒక్క దురుసుమాట అనలేదు. "టవరు ఎదురుగా ఉన్న ఇంటికి పంపడానికి మనసొప్పడం లేదు వదినగారూ, మీరే వచ్చి ఉండండి" అంది. భయపడవలసింది ఏమీ లేదని చెప్పడానికి నా దగ్గర ఏముంది? 'లోబడి ఉన్నది' అన్న కాగితం చూపించాను. మా అల్లుడు ఇంజనీరు, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో రీడింగు లేదేంటి మావయ్యా?" అన్నాడు. 31 ఏళ్ల సర్వీసులో నన్ను అంత చిన్నబుచ్చిన ప్రశ్న మరొకటి లేదు. తొలి కాన్పు పుట్టింట్లో జరగలేదు. మనవడికి ఇప్పుడు పదకొండో నెల, మా ఇంట్లో పడుకున్నది రెండు రాత్రులు. బాల్కనీ తలుపు ఏడాదిగా మూసే ఉంటోంది. మా ఇంటావిడ తులసికోటను వంటింటి కిటికీ దగ్గరికి మార్చుకుంది. రేడియేషన్ చేసిన హాని ఎంతో నాకు తెలియదు గాని, ఆ అంకె చెప్పకపోవడం చేసిన హాని ఇది.

ఒక సమావేశంలో ఇదంతా చెప్పుకుంటే వేదిక మీది పెద్దాయన నవ్వి, ఆ 2బి జాబితాలో ఊరగాయలు కూడా ఉన్నాయండీ, ఆవకాయ మానేస్తామా, అన్నారు. సభంతా నవ్వింది. ఆ జాబితాలో ఉన్నవి తూర్పు ఆసియా దేశాల్లో వారి పద్ధతిలో ఊరబెట్టే కూరగాయలు గాని మన ఆవకాయ కాదు. అది అలా ఉంచినా, ఆవకాయ ఎంత వేసుకోవాలో నా చేతిలో ఉంది. ఎదురింటి డాబా మీంచి ఇరవై నాలుగు గంటలూ నా కంచంలో ఎవరూ వడ్డించడం లేదు. వడ్డిస్తే మాత్రం, ఎన్ని గరిటెలు వేశారో చెప్పమనేవాడిని.

నా చేతిలోని చవక ఫోనులో స్టార్, హ్యాష్, సున్నా, ఏడు, హ్యాష్ నొక్కితే, దాని రేడియేషన్ విలువ కిలోకు ఇన్ని వాట్లని తెర మీద కనిపిస్తుంది, మన దేశంలో పరిమితి 1.6 అని అందరికీ తెలుసు కాబట్టి పోల్చి చూసుకోవచ్చు. ఫ్రాన్సులో 2023 సెప్టెంబరులో అక్కడి నియంత్రణ సంస్థ, ఐఫోన్ 12ను చేతిలోనో జేబులోనో ఉంచుకున్నప్పటి విలువ 4 దాటకూడని చోట 5.74 వచ్చిందని అంకె చెప్పి మరీ అమ్మకాలు ఆపించింది. కంపెనీ సాఫ్ట్‌వేర్ సరిచేసుకోవలసి వచ్చింది. అంకె చెప్పినందుకు అక్కడ ప్రభుత్వమేమీ పడిపోలేదు. అరచేతిలోని ఫోను తన అంకె చెబుతుంటే, వీధికి అవతలి టవరు అంకె ఎందుకు రహస్యం కావాలో మీరే సెలవివ్వాలి.

నా మనవి పాతదే. కొలత మా బాల్కనీలో, పడకగదిలో, వాచ్‌మన్ పిల్లలు పడుకునే మేడ మీద తీయించండి. జనం ఫోన్లు వాడే వేళ తీయించండి. మా ఎదుట తీయించి, వచ్చిన అంకెను, పక్కన పరిమితిని రాసి, సంతకం పెట్టి ఇప్పించండి. ఎక్కువుంటే తగ్గించండి. తక్కువుంటే ఆ కాగితం ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకుంటాను, మా వియ్యపురాలికి నకలు పంపుతాను, మీకు చేతులెత్తి నమస్కరిస్తాను. కొత్త యాంటెన్నా బిగించిన ప్రతిసారీ ఇదే పద్ధతి పాటించాలని ఒక ఉత్తర్వు వేయగలిగితే ఇంకా మేలు. అది మీ దయ. ముందు మాది కొలిపించండి. 4,000 రూపాయల రసీదు నా దగ్గర భద్రంగా ఉంది. మళ్లీ కట్టమన్నా కడతాను, అంకె వస్తుందంటే.

సాయంత్రాలు మేము ఎక్కడికీ వెళ్లము. తాళం వేసి ఉండదు. లిఫ్టు బాగు చేయించామని ఆరో అర్జీలోనే రాశాను.

భవదీయుడు,
విద్యుత్ శాఖ విశ్రాంత ఉద్యోగి, మూడో అంతస్తు