జ్వరంలో రోజా (రంజాన్ ఉపవాసం) గురించి

కడప,
రంజాన్ 9.

బేటీ, అస్సలాము అలైకుమ్.

ఒళ్లు కాలిపోతున్నా మూడు రోజాలు విడవకుండా ఉన్నానని, నాలుగోనాడు హాస్టల్ మెట్ల మీద కళ్లు తిరిగి కూలబడ్డానని నువ్వు ఫోనులో ఏదో ఘనకార్యంలా చెప్పావు. అప్పుడు నాకు నోట మాట రాలేదు కనుక ఇప్పుడు రాస్తున్నాను.

ఖుర్ఆన్‌లోని సూరా అల్ బఖరా 183వ ఆయత్‌లో, అంటే వాక్యంలో, రోజాను విధించిన అల్లాహ్, ఆ వెంటనే 184లో రోగులూ ప్రయాణికులూ ఆ లెక్కను వేరే దినాల్లో పూర్తి చేసుకోవాలన్నాడు. 185లో ఖుర్ఆన్ అవతరించిన నెల ఇదేనని తెలిపి, అదే మినహాయింపును మళ్లీ చెప్పి, తాను మీకు సులువునే కోరుతున్నానని, కష్టాన్ని కోరడం లేదని కూడా అన్నాడు. ఆజ్ఞాపించినవాడే ఇచ్చిన వెసులుబాటును తోసిపుచ్చి పంతానికి పోవడాన్ని నేను భక్తి అనలేను. నెలసరి రోజుల్లో మనం రోజా మానేసి, తర్వాత కజా, అంటే తప్పిన రోజాల బాకీ, తీర్చుకోవడం లేదూ? ఇదీ అంతే. పండుగ వెళ్లాక, పొద్దు తక్కువగా ఉండే చలికాలంలో ఆ ఒక్కపొద్దులు ఉండు.

షుగర్ వల్ల ఇక రోజా ఉండరాదని డాక్టరు చెప్పిన ఏడాది మా అమ్మ, మీ నానీ, చిన్నపిల్లలా ఏడ్చింది. ఇప్పుడు రోజుకొక పేదకు అన్నం పెట్టి, ఉండలేని రోజాకు పరిహారంగా ఫిద్యా చెల్లిస్తోంది. తెల్లవారకముందు తినే సహరీకి అందరికంటే ముందు లేచి మమ్మల్ని లేపేదీ ఆమే.

ఆకలిని ఓర్చుకోవడం నీకు చిన్నప్పుడే అలవాటైంది. నోటి సంగతే ఇంకా కుదరలేదు. గంజి కాచి తెచ్చిన రూమ్‌మేటును కసిరి పంపానని నువ్వే అన్నావు. అబద్ధపు మాటనూ, ఆ నడతనూ విడవనివాడు అన్నపానాలు విడవడం అల్లాహ్‌కు అక్కరలేదని ప్రవక్త అన్న హదీసు నీకు తెలుసు. కసురుకోవడం అబద్ధం కాదని నువ్వు వాదిస్తావు. అయితే రోజాలో ఎవరైనా తగవుకు వస్తే ‘నేను రోజాలో ఉన్నాను’ అని చెప్పి ఊరుకొమ్మన్న హదీసు కూడా ఉంది. ఆ పిల్ల తగవుకు కూడా రాలేదు.

ఇక్కడ సాయంత్రం అసర్ నమాజు కాగానే పిల్లలు మసీదు గంజికి క్యాన్లు పట్టుకుని వరుస కడుతున్నారు. పేదలకిచ్చే నీ ఫిత్రా దానం పండుగ నమాజుకు ముందే మేము ఇచ్చేస్తాము. నువ్వు వేళకు తిని మందులు వేసుకో. ఆ అమ్మాయిని పండుగకు మన ఇంటికి పిలువు. షీర్ ఖుర్మాకు పాలు ఎన్ని చెప్పాలో నాకు ముందుగా తెలియాలి.

మీ అమ్మీ