ఈ వారం వినాల్సింది: బీథోవెన్ నాలుగో పియానో కన్చెర్టో

అందరికీ నమస్కారం. కన్చెర్టో అంటే ఏమిటో ఒక ఉదాహరణతో చెప్పమని కొందరు అడిగారు. నా ఓటు బీథోవెన్ నాలుగో కన్చెర్టోకే, అంటే జి మేజర్ శ్రుతిలో (జి స్వరం ఆధారంగా) ఉన్నదానికే.

కన్చెర్టోలో సోలో వాద్యకారుడు ఒకవైపు, ఆర్కెస్ట్రా అంతా ఇంకోవైపు. మామూలుగా మూడు భాగాలు: వేగం, నెమ్మది, మళ్ళీ వేగం. ఆ రోజుల్లో సాధారణంగా ఆర్కెస్ట్రా రెండు మూడు నిమిషాలు వాయించాక గానీ సోలో మొదలయ్యేది కాదు. ఇందులో పియానో ఒక్కటే, మెత్తగా, ముందు పలుకుతుంది. ఐదు బార్ల (తాళం ఆవర్తనాల లాంటివి) తర్వాత తంత్రీవాద్యాలు అందుకుంటాయి, అదీ అసలు శ్రుతికి ఎక్కడో దూరాన ఉన్న బి మేజర్‌లో. ఆ మలుపు దగ్గర నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

అసలు సంగతి రెండో భాగంలో ఉంది. అయిదు నిమిషాలే. తంత్రీవాద్యాలన్నీ ఒకే వరసను కోపంగా, గట్టిగా అంటాయి. పియానో బతిమాలుతున్నట్టు నెమ్మదిగా బదులిస్తుంది. పోనుపోను తగ్గేది తంత్రీవాద్యాలే! అవి పూర్తిగా చల్లబడ్డాకే పియానో ఒక పొడవాటి ట్రిల్‌తో (పక్కపక్క స్వరాలు రెండింటిని వేగంగా మార్చిమార్చి వాయించడం) గొంతు విప్పుతుంది. దయచేసి ఈ భాగం వినేటప్పుడు వేరే పని పెట్టుకోకండి. ట్రంపెట్లు, టింపానీ (పెద్ద గిన్నెల్లాంటి డ్రమ్ములు) మూడో భాగంలోనే మొదటిసారి వినిపిస్తాయి.

1808 డిసెంబర్ 22న వియన్నాలో బీథోవెన్ దీన్ని స్వయంగా వాయించాడు. ఆయన అయిదో, ఆరో సింఫనీలు (ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద రచనలు) కూడా ఆ రోజే తొలిసారి వినిపించారు. దాదాపు నాలుగు గంటల కచేరీ, అదీ గడ్డకట్టే చలిలో.

ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు, మెత్తటి చోట్లు అసలు వినపడవు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, విన్నాక రెండో భాగం ఎలా అనిపించిందో ఇక్కడే రాయండి.