మామా, మీ చిన్నోడిని నేనెందుకు చూడనన్నానంటే

ఒరే మామా,

మొన్న ఆదివారం ఫోను టక్కున పెట్టేసినావే, అప్పట్నుంచి నా మనసు మనసులో లేదురా. వాట్సాప్‌లో నాలుగు ముక్కలు టైపు చేసి చెరిపేసినా, మళ్ళా టైపు చేసినా, అది కుదిరే పని కాదని ఇప్పుడు రాత్రి పదకొండుకి కూర్చోని పెద్దగా రాస్తా ఉండా. మధ్యలో విసుగొస్తే టీ తాగిరా పో, కానీ మొత్తం చదువు.

మనసు వైద్యం చేసేటోడివి కదా, మా తమ్ముడిని నీ క్లినిక్కులో నువ్వే చూడు అని అడిగినావు, నేను కాదన్నా. దానికి "మా ఇంట్లో సంగటి తిని పెరిగినోడివి, మా చిన్నోడిని చూడమంటే నాకే రూల్సు చెప్తావా" అన్నావు. నిజమే, మీయమ్మ చేతి సంగటి తిన్న ఒళ్ళే ఇది. చిన్నోడు మూడో క్లాసులో ఉన్నప్పుడు వాడికి సైకిల్ నేర్పించింది నేను, సందు మలుపులో పడి మోకాలు చీరుకుంటే మీ నాయనకి తెలీకుండా కట్టు కట్టించింది నేను. అందుకే చూడను. నీకు ఎక్కనిది అదే కదా, ఎరిగినోడు కాబట్టి చూడాల అని నువ్వంటావు, ఎరిగినోడు కాబట్టే చూడకూడదు అని నేనంటా.

ఒక్కసారి ఊహించుకో. వాడొచ్చి నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. "మా అన్న ఉండాడే" అని మొదలుపెడతాడు, నాకు అప్పుడే నువ్వు కళ్ళ ముందుకొచ్చి నవ్వొస్తుంది. లేదంటే మీ నాయన గురించి ఏదో చెప్పబోతాడు, రెండు మాటలు చెప్పి మూడోది మింగేస్తాడు, ఎందుకంటే వచ్చే పండక్కి నేను మీ ఇంటికొచ్చి వాడి పక్కనే ఆకేసుకోని కూర్చుంటానని వాడికి తెలుసు. ఆ మింగిన మూడో మాటే అసలు మాట అయితే? నా సంగతి ఇంకా ఘోరం, నా తలకాయలో వాడు ఇప్పటికీ సైకిల్ మీంచి పడిన పిల్లోడే, వాడు ఇరవై రెండేళ్ళ మగోడిలా ఏదైనా చెప్తే నాకు వినపడదు. మనసు వైద్యంలో పెద్ద పేరున్న ఫ్రాయిడ్ అంతటోడు సొంత కూతురు అన్నా ఫ్రాయిడ్‌నే కూర్చోబెట్టి 1918లో అనాలిసిస్, అంటే మాటలతో మనసు తవ్వి చూసే వైద్యం, మొదలుపెట్టినాడు తెలుసా, ఇప్పుడు ఎవడన్నా అట్లా చేస్తే ఈ ఫీల్డులో తలెత్తుకోని తిరగలేడు. అమెరికా సైకాలజిస్టుల సంఘం వాళ్ళ రూల్సులో అయితే పాత క్లయింటుతో ప్రేమా గీమా అంటే వైద్యం ముగిసి కనీసం రెండేళ్ళు దాటాల అని ఉండాది, దాటినా కూడా చానా అరుదుగా తప్ప కూడదంట. మన సినిమాల్లో డాక్టరు పేషెంటుతో మూడో రీల్లోనే డ్యూయెట్టు.

ఇంగ నువ్వన్న రెండో మాట. "ఫీజు నేనే కడతా, వాడేం చెప్తా ఉండాడో వారం వారం నాకు చెప్పు చాలు." దీనికి నాకు మొదటిదాని కంటే జాస్తి బాధేసింది, నీ మీద కాదు, ఎందుకంటే ఇది నువ్వొక్కడివే అడిగేది కాదు, నా దగ్గరికొచ్చే ప్రతి తల్లీ తండ్రీ అడిగేదే. డబ్బు మాది, పిల్లోడు మావాడు, కాబట్టి వాడి మాటలూ మావే. బట్టల షాపులో బిల్లు కట్టినోడి చేతికి కవరిచ్చినట్టు కాదురా ఇది. ఎవరు కట్టినా, కుర్చీలో కూర్చున్నోడిదే మాట. చట్టంలో కూడా ఉండాది, మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ 2017 అని, 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చింది, దాంట్లో 23వ సెక్షను ఇదే, వైద్యం తీసుకునేటోడి విషయాలు గుట్టుగా ఉంచాల.

అట్లని అన్నీ మూటగట్టి అటక మీద పెట్టేస్తానని కాదు. వాడి ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పుంటే చెప్పొచ్చు, దానికి ఆ చట్టమే ఒప్పుకుంటుంది. చిన్నపిల్లల మీద లైంగిక అఘాయిత్యం గురించి తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాల, చెప్పకపోతే శిక్ష నాకు. ఇవన్నీ మొదటి రోజే, వాళ్ళు నోరు విప్పకముందే చెప్పేస్తా, ఫలానా ఫలానా విషయాలు నా దగ్గర దాగవు, మిగతావి దాగుతాయి, ఇప్పుడు చెప్పు అని. అంతా కక్కేసినాక ఆఖర్లో చెప్తే అది మోసం.

ప్రాణానికి ముప్పుంటే గుట్టు దాచకూడదు అనే మాటకి పేరుమోసిన కేసు ఒకటి ఉండాది, దాంట్లో ఉండేది మన దేశపోడే, అందుకే చెప్తా ఉండా. ప్రొసెన్‌జిత్ పొద్దార్ అని బెంగాలీ పిల్లోడు, అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీలో ఓడలు కట్టే ఇంజనీరింగు చదవడానికి పోయినాడు. టటియానా తరసాఫ్ అనే అమ్మాయి మీద మనసు పెట్టుకున్నాడు, ఆమెకి అంత ఉద్దేశం లేదు. యూనివర్సిటీ ఆసుపత్రిలో సైకాలజిస్టుకి చెప్పినాడు, ఆ అమ్మాయిని చంపేస్తానని. ఆయన ఊరుకోలేదు, క్యాంపస్ పోలీసులకి రాసినాడు, వాళ్ళు పట్టుకోని మాట్లాడి, బుద్ధిగానే ఉండాడే అని వదిలేసినారు. అందరికీ తెలుసు, ఆ అమ్మాయికి తప్ప. 1969 అక్టోబరు 27న చంపేసినాడు. ఆ అమ్మాయి అమ్మానాన్న కోర్టుకి పోతే 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఖరాకండీగా చెప్పింది, ముప్పు ఎవరికో తెలిసినప్పుడు వాళ్ళని కాపాడే బాధ్యత వైద్యం చేసేటోడిది అని. చదువుకునే రోజుల్లో ఇది పరీక్షకి బట్టీ పట్టినా, ఇప్పుడు అప్పుడప్పుడు రాత్రిపూట గుర్తొస్తుంది.

సరే, నువ్వనొచ్చు, అమెరికా కథలు ఎందుకురా, మన ఊళ్ళో ఎవరు ఎవరికి తెలీదు అని. అసలు చిక్కంతా అదే మామా. తిరపతి ఎంత పెరిగినా, లీలామహల్ సర్కిల్లో పది నిమిషాలు నిలబడితే నలుగురు చుట్టాలు తగుల్తారు. నా క్లినిక్కు నువ్వు చూళ్ళేదు కదా, మేడ మీద రెండు గదులు, కింద పళ్ళ డాక్టరు. నా దగ్గరికొచ్చేటోళ్ళలో సగం మంది బయట ఎవరన్నా కనిపిస్తే పన్ను నొప్పి అంటారు. తలుపు పల్చటి ప్లైవుడ్డు, అందుకని బయట గదిలో పొద్దుగూకులూ అన్నమయ్య కీర్తనలు పెడతా. వచ్చినోళ్ళు ఎంత భక్తో అనుకుంటారు. భక్తి కాదు, లోపల ఏడుపు బయటికి వినపడకూడదని.

ఇప్పుడు నా తప్పొకటి చెప్తా. ఇది మా ఆవిడకి కూడా పూర్తిగా చెప్పలేదు.

చిత్తూరులో మా మేనత్త ఉండాది కదా, సంబంధాలు చూడ్డంలో ఆమెని మించినోళ్ళు లేరు. పోయినేడు ఒక రోజు పొద్దున్నే ఏడింటికి ఫోను. "నాయనా, ఫలానా అబ్బోడు నీ దగ్గరికి వస్తాడా? వాళ్ళింట్లో పిల్లనిద్దామని." నేను హుషారుగా, "లేదత్తా, ఆ పేరే వినలేదు నేను" అన్నా. నిజమే, వినలేదు. రానోడి గురించి రాలేదని చెప్తే తప్పేముంది అనుకున్నా. ఆ పెళ్ళి అయిపోయింది, మనం భోజనానికి కూడా పోయినాం, నువ్వు సెలవు పెట్టుకోని వచ్చినావు గుర్తుందా, అదే.

నాలుగు నెలలకి మళ్ళా ఫోను. ఈసారి ఇంకో పిల్లోడు, ఇంకో పేరు. "నీ మెట్లు దిగతా ఎవరో చూసినారంట, వస్తాడా నాయనా?" అప్పటికి నాకు కాస్త జ్ఞానం వచ్చిందిలే, "అట్లాంటివి చెప్పకూడదత్తా" అన్నా, గొప్పగా. అవతల రెండు సెకన్లు చప్పుడు లేదు. తర్వాత, "సరే నాయనా, అర్థమైందిలే" అని పెట్టేసింది.

ఏమర్థమైంది? నేనేం చెప్పలేదే! ఫోను చేతిలో పట్టుకోని వంటింట్లో అట్లా నిలబడిపోయినా, పాలు పొంగి స్టవ్ ఆరిపోయినా చూసుకోలేదు. మొదటోడికి లేదు అన్నా, రెండోవాడికి చెప్పను అన్నా. మేనత్త ఎనిమిదో తరగతి వరకే చదివింది కానీ లెక్క సరిగ్గా కట్టింది. వారం తిరక్కుండా ఆ సంబంధం తప్పిపోయింది.

ఆ రెండోవాడు నా దగ్గరికి వచ్చినాడా లేదా అనేది నీకు కూడా చెప్పను చూడు. వచ్చుంటే, వాడి గుట్టు నేనే బయట పెట్టినా. రాకుండా ఉంటే, పాపం కింద పంటి డాక్టరు దగ్గరికి పోయినోడికి లేనిపోని పేరు కట్టినా. ఏదైనా తప్పు నాదే. ఇంగో దరిద్రం ఏందంటే దాన్ని సరిదిద్దుకోను కూడా లేను, మళ్ళా ఫోను చేసి "అత్తా, నేనట్లా అనలేదు, వాడు రాడు" అంటే అదీ తప్పే, గమ్మునుంటే ఇదీ తప్పే. రెండు మూడు వారాలు నిద్ర సరిగ్గా పోలేదు. జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి పోయినోడికి పిల్లనిస్తారు, మనసు బాలేక నా దగ్గరికొచ్చినోడికి ఇవ్వరు, అది మార్చడం నా ఒక్కడి వల్ల కాదు కానీ నా నోరు నా చేతిలోనే ఉండాది కదా.

నాకు పాఠం చెప్పిన మేడమ్ ఒకామె ఉండాది, ఇట్లాంటివి వస్తే ఇప్పటికీ ఆమెకే చెప్పుకుంటా, పేర్లు లేకుండా. మొత్తం విని ఒకటే అడిగింది, "మొదటిసారి లేదని ఎందుకు చెప్పినావు?" అని. "లేదు కాబట్టి మేడమ్" అన్నా. "అదే తప్పు" అనింది. అప్పట్నుంచి ఎవరడిగినా, ఎవరి గురించి అడిగినా ఒకటే మాట, ఎవరొస్తారు ఎవరు రారు అనేది నేను చెప్పను. చంద్రగిరి కోట నుంచి రాయలవారు వస్తా ఉండారా అని అడిగినా అదే జవాబు. మేనత్త ఇప్పుడు పెళ్ళిళ్ళలో నన్ను చూసి "కలెక్టరు గారొచ్చినారు" అంటుంది. అననీలే. పోయిన నెల నువ్వు మన క్లాసోడి గురించి ఊరికే అడిగితే నేను క్రికెట్టు మాట ఎత్తినానే, నీకు కోపమొచ్చింది. వాడు వస్తాడనీ కాదు, రాడనీ కాదు.

ఇట్లా ఉంటే ఊళ్ళో బతకడం కష్టమే అనుకో. మొదటి రోజే చెప్పేస్తా, బయట కనిపిస్తే నేను పలకరించను, కోపం అనుకోవద్దు, మీరు పలకరిస్తే పలుకుతా అని. ఆ మధ్య ఒక పెళ్ళిలో (ఎవరిదో అడగొద్దు) బంతిలో కూర్చున్నా, సాంబారు బకెట్టు పట్టుకోని ఒకరు వడ్డిస్తా వచ్చినారు. నా ఆకు దగ్గర గరిటె ఒక్క క్షణం గాల్లో ఆగింది. నేను అన్నంలో గుంట చేస్తా తల దించుకున్నా. "కొంచెం వేయమంటారా సార్" అన్నారు, ఎప్పుడూ చూడనట్టు. "వేయండి" అన్నా. అంతే, పక్క ఆకుకి పోయినారు. మా ఆవిడ పక్కనే ఉండాది, ఆమెకేం తెలీలేదు. ఆ సాంబారు నాకు చానా రుచిగా అనిపించింది, ఎందుకో.

గిఫ్టులు తీసుకోకూడదు అంటారు, సరే. కానీ కొండకి పోయొచ్చి లడ్డు తెచ్చిస్తే వద్దని ఎట్లా అంటావు? పుస్తకాల్లో ఈ ప్రశ్నకి జవాబు లేదు. ఒక లడ్డు తీసుకోని, ఆడనే తుంచి వాళ్ళకో ముక్క పెట్టి నేనో ముక్క నోట్లో వేసుకోని, మిగతాది బయట కూర్చున్నోళ్ళకి పంచేస్తా. దర్శనం టికెట్లు ఇప్పిస్తాం సార్ అంటే మాత్రం దండం పెట్టేస్తా. మా మామగారికి ఈ విషయంలో నా మీద తీరని కోపం.

ఇప్పుడు చిన్నోడి సంగతి. రూములోంచి రావడం లేదు, అన్నం సరిగ్గా తినడం లేదు, ఉద్యోగం రాలేదని అందరూ పోరుతుండారు అన్నావు. ముందు వాడిని అడుగు, ఎవరినన్నా కలుస్తావా అని, నువ్వు కాదు పోవాల్సింది, వాడు. సరే అంటే ఇద్దరి పేర్లు పంపిస్తా, ఇద్దరూ మీ ఇంటికీ మా ఇంటికీ ఏమీ కానోళ్ళే. వేరే ఎవరిదగ్గరికన్నా పోయినా సరే, క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డుంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషను నెంబరు అడుగు, రీహాబిలిటేషన్ కౌన్సిల్‌ది, మొహమాటపడొద్దు. ఆరు వారాల కోర్సు చేసి కౌన్సిలర్ అని బోర్డు పెట్టినోళ్ళు కూడా ఉండారు. ఈలోగా వాడి నోట్లోంచి చావు మాట వస్తే మాత్రం నా ఉత్తరం గిత్తరం పక్కన పెట్టి 14416కి ఫోను చెయ్, టెలి మానస్ అని ప్రభుత్వానిదే, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, లేదంటే సీదా రుయా ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకుపొమ్మని నాయనకి చెప్పు, నాకు కూడా ఫోను చెయ్, అప్పుడు నేను డాక్టరుగా కాదు, బండేసుకోని వస్తా. వాడు ఎవరి దగ్గరికి పోతా ఉండాడో మాత్రం నాకు చెప్పొద్దు, వాళ్ళనీ నేనడగను.

అన్నలాగా అయితే దేనికైనా రెడీ. శనివారం అలిపిరి నుంచి నడుద్దామనుకుంటా ఉండా, 3550 మెట్లు, నా పొట్ట చూస్తే నీకే తెలుస్తుంది ఎందుకో. చిన్నోడిని తోడు పంపించమని అమ్మకి చెప్పు. కౌన్సెలింగు ఏమీ చేయనులే, మోకాళ్ళ పర్వతం కాడికి పోయేసరికి ఇద్దరికీ మాట్లాడే ఓపిక ఎట్లాగూ ఉండదు. నాలుగింటికి లేవకపోతే నేనే వచ్చి దుప్పటి లాగుతా.

నీ
మామ